‘ఎందుకు’ అన్న గడి లేని దరఖాస్తు

తెలుగు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ సీటు కోసం కౌన్సెలింగ్‌కు వెళ్లే విద్యార్థిని ప్రవేశ ప్రక్రియ అడిగే వివరాల్లో ర్యాంకు, రిజర్వేషన్ వర్గం, స్థానికత, కుటుంబ ఆదాయం, కళాశాల కోడ్, బ్రాంచి కోడ్ అన్నీ ఉంటాయి గానీ, ఆ బ్రాంచిని ఎందుకు కోరుకుంటున్నదీ చెప్పడానికి ఒక్క గడి కూడా ఉండదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో ఎంసెట్‌గా మొదలై, ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఈఏపీసెట్ అన్న పేరుతో సాగుతున్న పరీక్ష, గణిత, భౌతిక, రసాయన శాస్త్రాల్లో విద్యార్థికి ఎంత పట్టు ఉందో కొలుస్తుందే తప్ప, అతడి మనసు ఎటు మొగ్గుతున్నదో తెలుసుకోవడం దాని పని కాదు. బ్రిటన్‌లో పద్ధతి వేరు. అక్కడి విశ్వవిద్యాలయాలకు ఉమ్మడిగా దరఖాస్తులు స్వీకరించే యూకాస్ అనే సంస్థ, పదిహేడేళ్ల విద్యార్థి చేత నాలుగు వేల అక్షరాలకు మించని స్వీయ ప్రకటన ఒకటి రాయిస్తుంది. 2026 ప్రవేశాల నుంచి దానిని మూడు ప్రశ్నలుగా విడగొట్టారు, ఈ కోర్సును ఎందుకు చదవాలనుకుంటున్నావన్నదే వాటిలో మొదటిది.

ఈ తేడాను చూపి ర్యాంకు పద్ధతిని తప్పుపట్టడం న్యాయం కాదు. వ్యాసం అడిగిన చోట వ్యాసం బాగా రాయించుకోగల స్తోమత ఉన్నవారికే మొగ్గు ఉంటుంది. పల్లెటూరి ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఎంపీసీ చదివిన పిల్లవాడికి, నగరంలో లక్షలు పోసి చదివిన పిల్లవాడికి ఒకే ప్రశ్నపత్రం ఇచ్చి ఒకే వరుసలో నిలబెట్టే పరీక్షలో ఎన్ని లోపాలున్నా దాని న్యాయం దానికి ఉంది. చిక్కు వేరే చోట ఉంది. పరీక్ష అడగని ఆ ప్రశ్నను ఇంట్లోనూ ఎవరూ అడగరు, ఇంటర్‌లోనూ అడగరు, చేరిన తర్వాత కళాశాలలోనూ అడగరు. మంచి ర్యాంకు వస్తే సీఎస్ఈ, అంటే కంప్యూటర్ సైన్స్ అండ్ ఇంజనీరింగ్, తీసుకోవడమన్నది నీళ్లు పల్లానికి పారినంత సహజంగా జరిగిపోతుంది. ఆ పారుదలకు కారణమేమిటో, ఆ కారణం నాలుగేళ్ల చదువును మోయగలదో లేదో ఆలోచించే అవకాశం విద్యార్థికి దొరకదు.

ఒక పనిని మొదలుపెట్టించి, కష్టం వచ్చినా కొనసాగించేలా చేసే శక్తిని మనస్తత్వశాస్త్రం ప్రేరణ అంటుంది. పని చేయడంలోనే ఆనందం ఉండి చేస్తే అది అంతఃప్రేరణ. పని వల్ల వచ్చే ఫలితం కోసం, అంటే జీతం కోసమో మెప్పు కోసమో చేస్తే అది బాహ్యప్రేరణ. అమెరికన్ మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ డెసి 1971లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, చెక్కముక్కల పజిళ్లను పరిష్కరించిన విద్యార్థుల్లో కొందరికి డబ్బిచ్చి, తర్వాత ఇవ్వడం మానేసి చూస్తే, వాళ్లు ఖాళీ సమయంలో ఆ పజిళ్ల జోలికి వెళ్లడం తగ్గినట్టు కనిపించింది. ఈ ప్రయోగాన్ని చూపి డబ్బు కోసం చదివే చదువు చదువే కాదని తేల్చేయడం తేలిక. కానీ డెసి, ఆయన సహచరుడు రిచర్డ్ రయాన్ తర్వాత దశాబ్దాల పాటు పెంచుకుంటూ వచ్చిన సిద్ధాంతం అక్కడ ఆగలేదు. స్వయంనిర్ణయ సిద్ధాంతం అని పిలవదగిన ఆ ఆలోచన ప్రకారం బాహ్యప్రేరణ అంతా ఒకే రకం కాదు, దానిలో మెట్లు ఉన్నాయి. నాన్న కోప్పడతాడని చదవడం అట్టడుగు మెట్టు. చదవకపోతే నలుగురిలో తలవంపులన్న బెంగతో చదవడం దానిపై మెట్టు, ఎందుకంటే అక్కడ నాన్న లేకపోయినా ఆయన గొంతు లోపల వినిపిస్తూనే ఉంటుంది. ఈ చదువు నా జీవితానికి అవసరమని తానే ఒప్పుకుని చదవడం ఇంకా పై మెట్టు. ఆ అవసరం తన విలువలతో, తాను ఎవరన్న ఎరుకతో కలిసిపోవడం అన్నిటికన్నా పై మెట్టు. పైకి ఎక్కడానికి మూడు ఆసరాలు కావాలని వాళ్లు చెప్పారు: తన పని తాను ఎంచుకున్నానన్న స్వేచ్ఛ, చేయగలనన్న నమ్మకం, తోడున్నారన్న భావన.

తెలుగు విద్యార్థి సీఎస్ఈ కోరికను అర్థం చేసుకోవడానికి ఈ మెట్ల లెక్క చాలా పనికొస్తుంది. ఎందుకంటే ఆ కోరిక దాదాపు ఎప్పుడూ అరువు తెచ్చుకున్నదే, అయినా అది కల్ల కోరిక కాదు.

ఆ కోరికకు ఒక చరిత్ర ఉంది. పశ్చిమ గోదావరి జిల్లాలో పుట్టిన అణుశాస్త్రవేత్త అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో 1967లో హైదరాబాదులో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, అంటే జనం ఈసీఐఎల్ అని పిలిచే సంస్థ, తొలినాళ్లలోనే కంప్యూటర్ల తయారీకి దిగింది గానీ, ఆనాడు ఆ మాట సామాన్య కుటుంబాల నోట వినిపించేది కాదు. దేశంలో ఈ చదువుకు నాంది పలికిన కాన్పూర్ ఐఐటీకి 1963లో ఐబీఎం 1620 యంత్రం వచ్చినా, అక్కడ సైతం బీటెక్ స్థాయిలో కంప్యూటర్ సైన్స్ 1978లో గానీ మొదలు కాలేదు. తెలుగు ఇళ్లలో ఈ బ్రాంచి పేరు మారుమోగడం 1990ల చివరి మాట. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్న పాత ప్రోగ్రాములు 2000 రాగానే తప్పులు చేస్తాయన్న భయంతో, వాటిని సరిదిద్దే మనుషుల కోసం అమెరికన్ సంస్థలు వెతుక్కున్న రోజులవి. 1990 నాటి అమెరికా చట్టం నైపుణ్యం గల విదేశీయులకు ఏటా 65 వేల హెచ్‌-1బీ వీసాలని పెట్టిన పరిమితి, 2001 నుంచి మూడేళ్ల పాటు లక్షా 95 వేలకు పెరిగింది. ఇటు హైదరాబాదులో 1998లోనే సైబర్ టవర్స్ ప్రారంభమైంది, మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం వచ్చింది, ట్రిపుల్ ఐటీ మొదలైంది. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ కోర్సుల బోర్డులు మేడల నిండా వేలాడాయి. తర్వాత 2000ల చివర్లో వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే కళాశాల ఫీజును ప్రభుత్వమే తిరిగి చెల్లించే పథకం, అంతవరకు డిగ్రీతోనో ఐటీఐతోనో ఆగిపోయిన కుటుంబాలకు ఇంజనీరింగ్ తలుపు తీసింది.

ఊళ్లో ఒకరి అబ్బాయి అమెరికా వెళ్లి రెండేళ్లలో అప్పులు తీర్చి, చెల్లెలి పెళ్లి చేసి, పెంకుటిల్లు తీసి డాబా వేస్తే, ఆ డాబాను ఊరంతా చూస్తుంది. ఏ ప్రకటనా చేయలేని పని అది చేస్తుంది. వర్షాధారపు సేద్యంలో ఒక ఏడాది పంట పోతే మూడేళ్లు కోలుకోని ఇంటి నుంచి వచ్చిన విద్యార్థి, నెలనెలా పడే జీతాన్ని తన చదువుకు కారణంగా చెప్పుకుంటే దానిలో చిన్నతనమేమీ లేదు. నిజానికి అది బాధ్యత తెలిసిన మాట. అమ్మాయిల విషయంలో ఇంకొక కారణం కలుస్తుంది. సివిల్, మెకానికల్ అంటే ఎండలో సైట్ల మీద, ఫ్యాక్టరీల్లో తిరగాలని, సీఎస్ఈ అయితే నీడపట్టున ఉద్యోగమని పెద్దలు చెప్పే మాట తెలుగు ఇళ్లలో తరచుగా వినిపిస్తుంది. ఆ మాటలో అమ్మాయి కదలికల మీద కంచె ఉన్నదన్నది నిజమే, కానీ అదే మాట లక్షలాది అమ్మాయిలను ఒక కఠినమైన శాస్త్రం ముందు కూర్చోబెట్టిందన్నదీ నిజమే. అమెరికాలో జరిగింది దీనికి తలకిందులు: అక్కడ కంప్యూటర్ సైన్స్ పట్టాలు పొందేవారిలో 1980ల నడుమ నూటికి సుమారు 37 మంది స్త్రీలు ఉండగా, ఇంటికి వచ్చిన కంప్యూటర్ అబ్బాయిల ఆటవస్తువుగా పేరుపడిన తర్వాత ఆ వాటా దాదాపు సగానికి పడిపోయింది. యంత్రం మీద మోజు ఉన్నవాళ్లదే ఈ చదువు అని నమ్మిన చోట స్త్రీలు తగ్గారు. ఇది బతుకుతెరువు అని నమ్మిన చోట వచ్చి చేరారు. బతుకుతెరువును తక్కువ ప్రేరణగా చూసేవారు ఈ సంగతిని ఒక్కసారి నిదానంగా ఆలోచించాలి.

అయితే అరువు కారణం గుమ్మం దాకా తీసుకువస్తుంది, లోపల నడిపించలేదు. లోపల ఉన్నది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కాదు, ఒక శాస్త్రం. సమస్యను అంచెలంచెలుగా, ఏ సందిగ్ధానికీ తావులేకుండా పరిష్కరించే విధానాన్ని అల్గారిథం అంటారు. అటువంటి విధానాల్లో ఏది ఎంత సమయం తీసుకుంటుంది, ఎంత జ్ఞాపకస్థలం తింటుంది, అసలు ఏ విధానంతోనూ పరిష్కారం కాని సమస్యలు ఏవి అన్న విచారణే కంప్యూటర్ సైన్స్‌కు గుండెకాయ. నిఘంటువులో మాట వెతికే మనిషి మొదటి పేజీ నుంచి తిప్పుకుంటూ పోడు. మధ్యలో తెరిచి, కావలసిన మాట ముందుందో వెనకుందో చూసి, అక్కరలేని సగాన్ని వదిలేస్తాడు. అక్షరక్రమంలో పేర్చిన పది లక్షల పేర్ల జాబితాలో ఇలా సగం సగం వదులుకుంటూ వెళితే ఇరవై పోలికల్లో ఏ పేరైనా దొరుకుతుంది. జాబితా పదింతలై కోటి పేర్లకు పెరిగితే పోలికలు పదింతలు కావు, కేవలం ఇరవై నాలుగు అవుతాయి. జాబితా ఎంత పెరిగినా పని ఇంత కొద్దిగానే ఎందుకు పెరుగుతుందో మొదటిసారి అర్థమైన క్షణాన కలిగే ఆశ్చర్యం, ఈ చదువుకు తనంతట తానుగా పుట్టే ప్రేరణ. ప్యాకేజీ అంకెలు చూసి కలిగే ఉత్సాహానికీ దీనికీ పోలిక లేదు.

కానీ ఆ క్షణానికి చేరే దారిలో ముళ్లున్నాయి. మొదటి ఏడాది ల్యాబ్‌లో సీ భాషలో రాసిన పది పంక్తుల ప్రోగ్రాం, నాలుగో పంక్తి చివర ఒక సెమీకోలన్ మరిచిపోయినందుకు నడవదు. కంపైలర్, అంటే మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే సాధనం, తప్పు ఐదో పంక్తిలో ఉందని చెబుతుంది. విద్యార్థి ఐదో పంక్తినే పదిసార్లు చదువుకుంటాడు. రెండు నెలల తర్వాత పాయింటర్లు వస్తాయి. ఇంటికి బదులు ఇంటి చిరునామా రాసిన చీటీ చేతికిచ్చినట్టు, విలువకు బదులు ఆ విలువ దాచిన చోటి అడ్రసును పట్టుకునే చరరాశి పాయింటర్. చీటీలో అడ్రసు తప్పయితే ప్రోగ్రాం తనది కాని జ్ఞాపకస్థలంలో అడుగుపెడుతుంది, ఆపరేటింగ్ సిస్టం దానిని అక్కడికక్కడే ఆపేస్తుంది, తెర మీద ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ అన్న రెండు మాటలు తప్ప వేరే వివరం ఉండదు. తెలుగు మాధ్యమంలో పది చదివి వచ్చిన విద్యార్థికి ఆ రెండు మాటలు తన చేతకానితనానికి రుజువుగా కనిపిస్తాయి. పక్క బెంచీలో పదో తరగతి నుంచే కోడింగ్ రాసిన వాడు ఉంటే ఆ అనుమానం బలపడుతుంది. డెసి, రయాన్ చెప్పిన మూడు ఆసరాల్లో రెండోది, అంటే చేయగలనన్న నమ్మకం, సరిగ్గా ఇక్కడ విరుగుతుంది. అప్పటినుంచి స్నేహితుడి ప్రోగ్రాం రికార్డులో ఎక్కించుకోవడం, వైవాకు నాలుగు జవాబులు బట్టీ పట్టడం, పరీక్షకు ముందు రాత్రి ముఖ్యమైన ప్రశ్నలు చదవడం అలవాటవుతాయి, బ్యాక్‌లాగులు మిగులుతాయి. దీనిని బద్ధకమని కొట్టిపారేసే అధ్యాపకులు, అదే విద్యార్థి ఇంటర్ రెండేళ్లు తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో కూర్చుని ర్యాంకు తెచ్చుకున్నాడన్న సంగతి మరిచిపోతున్నారు. కష్టపడే గుణం పోలేదు. ర్యాంకు కోసమన్న కారణం ర్యాంకుతోనే తీరిపోయింది, ఉద్యోగం కోసమన్న కారణం ఇంకా మూడేళ్ల దూరంలో ఉంది, ఈ పూట చేతిలో ఉన్న పాయింటర్‌తో కుస్తీ పట్టడానికి ఏ కారణమూ లేదు.

ఆ ఖాళీ ఎలా నిండుతుందో చెప్పడానికి ప్రసిద్ధుల జీవితాలు కొంత సాయపడతాయి. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్లకు పదిహేనేళ్ల వయసులో తండ్రి తెచ్చి ఇచ్చిన చిన్న కంప్యూటర్ దారి చూపగా, ఆయన మణిపాల్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివిన తర్వాత అమెరికాలో కంప్యూటర్ సైన్స్‌కు మారారు. ఇష్టం ముందే దొరికినవారి కథ అది. ఎక్కువమంది విద్యార్థులకు దగ్గరగా ఉండేది రాజ్ రెడ్డి కథ. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన దబ్బాల రాజగోపాల్ రెడ్డి మద్రాసు గిండీ కళాశాలలో చదివింది సివిల్ ఇంజనీరింగ్. పై చదువుకు ఆస్ట్రేలియా వెళ్లాక గానీ కంప్యూటర్ ఆయన చేతికి అందలేదు. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్థీ దగ్గర 1966లో డాక్టరేట్ పొంది, మనిషి మాటను యంత్రం గుర్తించేలా చేయడం మీద కృషి చేసి, 1994లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారాన్ని ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకున్నారు. చదువు రానివాళ్లు సైతం మాటతో యంత్రాన్ని వాడుకోగలగాలన్న పట్టుదల ఆయన పనిలో కనిపిస్తుంది. పల్లె నుంచి వచ్చిన మనిషికి అది బయటినుంచి ఎవరో ఇచ్చిన కారణం కాదు. గ్రామీణ విద్యార్థుల కోసం 2008లో ఏర్పడి, నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ప్రాంగణాలు పెట్టిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి తొలి కులపతి అయినదీ ఆయనే.

రాజ్ రెడ్డి పనిచేసిన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోనే 1990లలో జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ అన్న ఇద్దరు పరిశోధకులు విద్యార్థులతో ఏళ్ల తరబడి మాట్లాడి ఒక పరిశోధన చేశారు. అబ్బాయిల్లో చాలామంది యంత్రం మీద మోజుతోనే వచ్చామని చెబితే, అమ్మాయిల్లో చాలామంది వైద్యంలోనో, చదువు చెప్పడంలోనో, మరో పనిలోనో కంప్యూటర్ ఏమి చేయగలదన్నదే తమను లాగిందని చెప్పారు. లోపం వాళ్లలో లేదని, ఒక్క రకపు ప్రేరణనే అసలైనదిగా చూసిన విభాగంలోనే ఉందని పరిశోధకులు తేల్చారు. ప్రవేశాల్లోనూ బోధనలోనూ మార్పులు చేశాక, 1995లో నూటికి ఏడుగురున్న విద్యార్థినులు 2000 నాటికి నలభై ఇద్దరయ్యారు.

కంప్యూటర్ ఏమి చేయగలదో చూపే అభ్యాసం కోసం తెలుగు విద్యార్థి బయట ఎక్కడో వెతకనక్కరలేదు, అది తన పేరులోనే దొరుకుతుంది. ఒక విద్యార్థిని రెండో సెమిస్టర్ ల్యాబ్‌లో స్ట్రింగ్ పొడవు, అంటే వరుసగా పేర్చిన అక్షరాల సంఖ్య, చెప్పే ప్రోగ్రాం రాసి, దానికి ఇంగ్లిష్ పేరు బదులు తెలుగులో ‘లక్ష్మి’ అని ఇచ్చిందనుకుందాం. కంటికి కనిపించేవి రెండక్షరాలు. తెర మీద వచ్చే జవాబు 21. ఆ అంకె తప్పు కాదు. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ సంఖ్యలు కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో ‘లక్ష్మి’ అంటే ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి, మొత్తం ఏడు సంకేతాలు. యూటీఎఫ్-8 అన్న పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతాన్ని దాచడానికి మూడేసి బైట్లు కావాలి. సీ భాషలో స్ట్రింగ్ పొడవు చెప్పే ఫంక్షన్ లెక్కపెట్టేది బైట్లనే. అదే పేరును సంకేతాల వారీగా వెనక నుంచి ముందుకు తిప్పమంటే గుడి ముందుకొచ్చి, ఆనుకోవడానికి హల్లు లేక చుక్కల సున్నా మీద వేలాడుతుంది. దీనిని సరిచేయాలంటే పొల్లు తర్వాత వచ్చే హల్లు ఒత్తుగా మారుతుందన్న చిన్ననాటి వ్యాకరణాన్ని యంత్రానికి అర్థమయ్యే నియమంగా రాయాలి. అమ్మ దగ్గర పలక మీద నేర్చుకున్న గుణింతం, అంతవరకు పరాయిదిగా తోచిన పాఠం ఒకచోట కలుస్తాయి.

ఇది పిల్లల ఆటగా కనిపిస్తే 2018 ఫిబ్రవరిని గుర్తు చేసుకోవాలి. ‘జ్ఞా’ అన్న అక్షరం, లోపల కంటికి కనిపించని ఒక సంకేతంతో కలిసి సందేశంలో వస్తే, ఆనాటి ఐఫోన్లలో దానిని చూపబోయిన యాప్‌లు కుప్పకూలేవి. ఆపిల్ సంస్థ ప్రత్యేకంగా సవరణ విడుదల చేయవలసి వచ్చింది. తెలుగు సంయుక్తాక్షరాలను చూపే పని అంత సున్నితమైనది. ఈ లిపిలో పుట్టి పెరిగి, ఒత్తులూ గుణింతాలూ చేతివేళ్లకు అలవాటైనవారికి అటువంటి లోపాన్ని పట్టుకోవడంలో ఎవరికీ లేని అనుకూలత ఉంది. తరగతిలో ఇటువంటి అభ్యాసం ఇవ్వడానికి కొత్త యంత్రాలు అక్కరలేదు, నిధులు అక్కరలేదు. ల్యాబ్ మాన్యువల్‌లో ఏళ్లుగా మారని పన్నెండు ప్రోగ్రాముల్లో ఒకటి తీసి ఇది పెట్టే చొరవ ఉంటే సరిపోతుంది.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తర్వాత ఈ చర్చకు తొందర వచ్చింది. ల్యాబ్‌లో ఇచ్చే ప్రోగ్రాములన్నిటినీ క్షణాల్లో రాసిపెట్టే సాధనం ప్రతి ఫోనులోనూ ఉన్నప్పుడు, కోడింగ్ వస్తే ఉద్యోగమన్న పాత హామీ మునుపటంత గట్టిగా నిలబడదు. కుటుంబాలు దీనికి వెతుక్కున్న జవాబు బ్రాంచి పేరు మార్చడం: సీఎస్ఈ బదులు ఏఐ అండ్ ఎంఎల్, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ. మొదటి ఏళ్లలో చదివే గణితం, ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్లు వీటన్నిటిలో చాలావరకు ఒకటే కాబట్టి పేరు మార్చినందువల్ల కారణం మారదు. యంత్రం ఇచ్చిన జవాబు సరైనదో కాదో తేల్చగలిగేది 21 ఎందుకు వచ్చిందని ఆగి ఆలోచించినవారే.

నాలుగో ఏడాదిలో, విదేశాల్లో ఎంఎస్‌కు దరఖాస్తు చేసే వేళ, చాలామంది తెలుగు విద్యార్థులకు ‘ఎందుకు’ అన్న ప్రశ్న మొట్టమొదటిసారి ఎదురవుతుంది. ఎస్‌ఓపీ అని పిలిచే ఆ ఉద్దేశ ప్రకటనలో ఈ శాస్త్రం మీద ఆసక్తి ఎలా కలిగిందో రెండు పేజీల్లో రాయాలి. కన్సల్టెన్సీల దగ్గర దానికి అచ్చులు సిద్ధంగా ఉంటాయి. చిన్ననాడే కంప్యూటర్ చూసి మంత్రముగ్ధులైనట్టు మొదలయ్యే ఆ అచ్చులో, ఇంటర్ అయ్యేదాకా కంప్యూటర్ ముట్టుకోని పిల్లలు తమ పేరు దింపి పంపుతారు. ఇది చూసి బాధ కలగడానికి కారణం అందులోని అబద్ధం ఒక్కటే కాదు, దాచిపెట్టిన నిజం అంతకన్నా విలువైనది కావడం. నాన్న చేసిన అప్పు, ఎదురింటి డాబా, నీడపట్టు ఉద్యోగమన్న అమ్మ మాట, మొదటి ఏడాది తెర మీద అర్థం కాని రెండు మాటలు, తర్వాత ఒక మధ్యాహ్నం తెలుగు పేరుకు వచ్చిన వింత అంకె, దాని వెనక పడి రాసుకున్న పట్టిక, అందులో ‘క్ష్మి’ని ఒకే అక్షరంగా లెక్కించడానికి రాసిన నియమం, ఆ నియమం ఇంకా పొరపడుతున్న ఒకటి రెండు పదాలు: ఆ రెండు పేజీలకు కావలసినది ఇదే.